రోడ్డు పక్కన తల్లి పాసమ్

ఉదయశ్రీది కాకినాడ. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో కొన్నేళ్లుండి, అక్కడైతే శాశ్వత నివాసానికి పీఆర్ త్వరగా వస్తుందని భర్త శివప్రసాద్‌తో కలిసి టాస్మానియాకి మారింది. యూనివర్సిటీలో ఆమెకి దొరికిన పని చచ్చిపోయిన పాసమ్‌లని వెతకడం.

పాసమ్ పిల్లి అంత ఉంటుంది. ఒత్తైన బొచ్చు. పొట్ట దగ్గరి సంచిలో పిల్లని మోస్తుంది. ఆ బొచ్చు కోసమే లైసెన్సున్న వేటగాళ్లు దాన్ని కాలుస్తారు. ఎన్ని బతుకుతున్నాయో, మిగిలినవి దేనివల్ల చస్తున్నాయో తెలియడానికి కొన్నిటి మెడకి రేడియో పట్టీలు కట్టారు. జంతువు కదలడం మానేస్తే సిగ్నల్ వేగం పెరుగుతుంది. అప్పుడు ఉదయశ్రీ వెళ్లి తూటానా, కుక్కా, జబ్బా అని చూడాలి.

వాటికి పేర్లు పెట్టొద్దన్నారు. అయినా తను మొట్టమొదట పట్టీ కట్టిన ఆడదాన్ని ఆమె మనసులో బంగారి అనుకునేది.

జూన్‌లో, అక్కడి చలికాలంలో, ఒక పొద్దున బంగారి సిగ్నల్ వేగం పెరిగింది. అది గ్రేమ్ అనే ముసలి వేటగాడి పొలం వైపు. ఉదయశ్రీ కోపంగా అతని తలుపు కొట్టింది.

"పట్టీ ఉన్నదాన్ని నేనెప్పుడూ కాల్చలేదమ్మాయ్," అన్నాడతను. కోటు వేసుకుని తనూ వెంట వచ్చాడు.

రోడ్డు పక్కన గడ్డిలో దొరికింది. తూటా గాయం లేదు. నడుము నలిగిపోయింది. పక్కన నారింజరంగు ప్లాస్టిక్ ముక్కలు. సంచిలో గులాబీరంగు పిల్ల ఇంకా కదులుతోంది.

పిల్లని తీసుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందున్న తమ కారుకి ముందు నారింజరంగు ఇండికేటర్ లైటు పగిలి ఉంది.

"నిన్న రాత్రి షిఫ్ట్ అయిపోయి వస్తుంటే ఏదో తగిలింది. రాయి అనుకున్నా. ఫుల్ టయర్డ్‌గా ఉన్నా ఉదయా, ఆపలేదు," అన్నాడు శివప్రసాద్.

"దిగి చూడాల్సింది కదా."

అతను ఆమె చేతుల్లోంచి పిల్లని అందుకున్నాడు.

బొచ్చైనా రాని పిల్ల బతకడం కష్టమని పశువుల డాక్టరు ముందే చెప్పింది. అయినా ఉన్ని సాక్సులో చుట్టి, వంతులవారీగా గుండెకి ఆనించుకుని, చుక్క చుక్క పాలు పట్టారు. చివరికి అది శివప్రసాద్ చేతుల్లోనే పోయింది. పెరట్లో గడ్డకట్టిన నేలని అతనే తవ్వాడు.

"మీ రికార్డులో నా నేమ్ రాస్తావా?" అని అడిగాడు, పార పట్టుకునే.

"పేర్లు రాయం. చావుకి కారణం వాహనం అని రాస్తాం."

అతను తలూపి, మట్టిచేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.