కిరాయిదారు కార్డు, ఓనరమ్మ మీటరు

నెలకు రెండు వందల యూనిట్లు దాటకపోతే కరెంటు బిల్లు సున్నా అనీ, తెల్ల కార్డుంటే కిరాయిదార్లకు కూడా వర్తిస్తుందనీ సర్కారు చెప్పినప్పుడు సరూర్‌నగర్‌లో మా గల్లీ ఆడవాళ్లంతా తెగ సంబరపడ్డారు. నేను మాత్రం పొంగిపోలేదు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. మన రేషన్ కార్డు మీటరుకు ఎక్కాలంటే ఆ మీటరు నంబరున్న బిల్లు చూపించాలి. మా పోర్షన్ బిల్లేమో కింది అంతస్తులో ఉండే ఓనరమ్మ దగ్గరే ఉంటుంది.

పైన మేం పదకొండేళ్లుగా ఉంటున్నాం. మా ఆయన ఆటో నడుపుతాడు, నేను జాకెట్లు కుడతాను. పొద్దున మొదలైతే నా మిషన్ మోటారు ఆగదు కనుక ఆ సున్నా బిల్లు మాకు చిన్న విషయం కాదు.

వెళ్లి అడిగాను. ఆమె తలుపు సగమే తెరిచింది.

"నీ కార్డు నా మీటరుకెక్కితే రేపు ఇల్లు గూడ నాదే అంటవ్. గా ముచ్చటే ఒద్దు. నచ్చకపోతే ఖాళీ చెయ్."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మీటరు పట్టుకొని ఇల్లు మింగెటోళ్లు ఏడనన్న ఉన్నరా పెద్దమ్మా? జర తెలివి తెచ్చుకో!" అనేశాను. మెట్లెక్కుతూనే నా నోటిని నేనే తిట్టుకున్నాను. పిల్లల బడి, నా గిరాకీ అన్నీ ఈ గల్లీలోనే. ఈ ఇల్లు పోతే ఊరి చివర ఏ తుర్కయంజాల్‌కో వెళ్లి మళ్లీ మొదటి జాకెట్టు నుంచి మొదలుపెట్టాలి.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి కొట్లాటకు కాదు, అంత భయం ఎందుకని అడగడానికి. ఆమె ఈసారి తలుపు పూర్తిగా తెరిచింది.

"నల్గొండ దిక్కు మా మామకు నాలుగెకరాలుండె. కౌలుకిచ్చిండు. సర్కారు కాగితంల కౌలుదారు పేరు ఎక్కింది. ఒక్క పేరే బిడ్డా. భూమంత ఆయనదైపోయింది. గదే రందితోని మా మామ పోయిండు."

ఆమెను తెలివి తెచ్చుకోమన్నందుకు నాకు నిజంగా సిగ్గేసింది. అలాగని ఒట్టి చేతులతో మెట్లెక్కే రకం కాదు నేను. "గీ ఇంట్ల నాకు హక్కు లేదని రాసిస్త. అప్పుడిస్తవా?" అన్నాను. ఆమె తలూపింది.

పైనున్న పిల్లల్ని కేకేసి నోటుబుక్కు తెప్పించి, ఓ కాగితం చింపి ఆమె ముందే కూర్చున్నాను. "ఈ ఇంట్లో నాకు ఎలాంటి హక్కూ లేదు, ఎప్పటికీ ఉండదు" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. ఇద్దరు పిల్లల్నీ దవాఖాన నుంచి తెచ్చుకున్నది ఈ ఇంటికే. సంతకం పెట్టి, ఆమెకు పైకి చదివి వినిపించాను.

ఆమె మొహం చిన్నబోయింది. "గింత గట్టిగ రాయాల్నా?" అంది. లోపలికి వెళ్లి బిల్లు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కాగితం మాత్రం తీసుకోలేదు.

"కింద ఇంకో మాట రాయి. కిరాయికున్నన్ని దినాలు గా పై ఇల్లు నీదే, పొమ్మనే హక్కు నాగ్గూడ లేదని. రాయి, నేను దస్కతు పెడ్త."