ఒక దిక్కే తిరిగే రింగు

మా మామ చేతి వాచీ సముద్రంలో మూడు వందల మీటర్ల లోతున కూడా నడుస్తుందట. మా జనగామలో అంత లోతు బోరు వేస్తే దుమ్ము వస్తుంది. ఆయనకు ఈత కూడా రాదు. వాన పడి వాకిట్లో నీళ్ళు నిలిస్తే పంచె పైకి పట్టుకుని, ఇటుకలు వేయించుకుని, వాటి మీద అడుగులేసే మనిషి. అలాంటి మనిషికి సముద్రంలో మునిగేవాళ్ళ వాచీ ఎందుకని కొత్త కోడలిగా ఉన్నప్పుడు మా ఆయనను అడిగాను. "బాపుకు ఇనబడితె నిన్ను బాయిల ముంచుతడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గొంతు తగ్గించి అన్నాడు.

భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర మట్టి ఎత్తిపోసే కాంట్రాక్టులో మామకు వాటా ఉండేది. అక్కడి భాగస్వామి ఒకసారి సింగపూరు వెళ్ళి వస్తూ ఆ వాచీ తెచ్చి ఇచ్చాడు. ప్రేమ పొంగి ఇచ్చింది కాదు. ఏ పని కావాలంటే హైదరాబాదులో ఎవరి గడప తొక్కాలో అప్పట్లో మామకు తెలుసు. అందరూ ఎడమ చేతికి పెట్టుకుంటే మామ దాన్ని కుడి చేతికి పెట్టుకున్నాడు. దండం పెట్టినా, మైకు పట్టుకున్నా, ఎవరినైనా వేలు చూపించి తిట్టినా అందరికీ కనిపించాలని.

ఆ వాచీ అద్దం చుట్టూ పళ్ళున్న రింగు ఒకటి ఉంటుంది. పట్టి తిప్పితే కటకటమంటూ తిరుగుతుంది. దాని మీద ఉన్న గుర్తును ముల్లుకు ఎదురుగా పెట్టుకుంటే, అక్కడి నుంచి ఎన్ని నిమిషాలు గడిచాయో తెలుస్తుంది. నీళ్ళలో దిగినవాడు గాలి అయిపోకముందే పైకి రావడానికి పెట్టిన ఏర్పాటు. అది ఒక దిక్కే తిరుగుతుంది. నీళ్ళలో రాయికో రప్పకో తగిలి రింగు కదిలినా, మిగిలిన టైం తగ్గినట్టు చూపిస్తుందే గానీ పెరిగినట్టు చూపించదు. మామకు వాచీలో నచ్చింది అదే.

ఆయన నీళ్ళలో దిగలేదు. మమ్మల్ని దించాడు. చాయ అడిగి రింగు తిప్పేవాడు. అత్తమ్మ కూరగాయలకు వెళ్తే తిప్పేవాడు. నేను స్నానానికి వెళ్తే బయట కటకట వినిపించేది. తలకు పోసుకునే రోజు కూడా నాకు సడలింపు లేదు. దేవరుప్పుల దగ్గర పొలంలో పత్తి ఏరడానికి తండా నుంచి వచ్చే ఆడవాళ్ళు సద్ది విప్పగానే గట్టు మీద నిలబడి తిప్పేవాడు. వాళ్ళు తమ భాషలో ఏదో అనుకుని పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఆయన గురించేనని తెలియడానికి నాకు వాళ్ళ భాష రానక్కర్లేకపోయింది. మేము ఇంట్లో అలా నవ్వలేదు. అత్తమ్మ అసలే నవ్వలేదు.

ఉద్యమం మళ్ళీ రాజుకున్న చలికాలం అది. ప్రతి చౌరస్తాలో టెంటు, ప్రతి టెంటులో దీక్ష. జనగామ టెంటులో మామది ముందు వరుస. మన నీళ్ళు మనకు కావాలని మాట్లాడేటప్పుడు వాచీ ఉన్న చెయ్యి పైకెత్తేవాడు. నిజం చెప్పాలంటే బాగా మాట్లాడేవాడు. నాకూ రోమాలు నిక్కబొడుచుకునేవి. ఇంటికి రాగానే చాయ అడిగి రింగు తిప్పేవాడు.

అప్పుడే కురవి నుంచి ఫోన్ వచ్చింది. అత్తమ్మ తల్లి చివరి దశలో ఉంది. మరునాడు బంద్. బస్సులు, రైళ్ళు ఏవీ నడవవు. మామ జీపు తీశాడు. మా ఆయన ఆఫీసుకు పోయాడు కాబట్టి తోడుగా నేను వెళ్ళాను. తొర్రూరు మీదుగా, మానుకోట దాటి కురవి చేరేసరికి మధ్యాహ్నం అయింది. మామ జీపు దిగలేదు. చెయ్యి ముందుకు చాపి, మేము చూస్తుండగా రింగు తిప్పాడు.

"గంట. సాయంత్రం టెంటుకాడ నేను లేకుంటె మంచిగుండదు."

లోపల ముసలమ్మ నులక మంచం మీద ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో గరగర. కూతురిని గుర్తుపట్టింది. మాట రాలేదు గానీ కూతురి చీర కొంగు పట్టుకుంది. అత్తమ్మ ఆ మంచం పట్టె మీద కూర్చుని తల్లి నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తూ ఉంది. అంతలోనే బయట హారన్ మోగింది.

అత్తమ్మ బయటికి వచ్చింది. ఆమె అన్నదమ్ములంతా వాకిట్లోనే నిలబడ్డారు.

"నన్ను ఇడిచిపెట్టి పోండ్రి. బంద్ అయినంక నేనే బస్సెక్కి వస్త" అంది.

"రేపు ఇంటికి పదిమంది వస్తరు. వంటెవరు జేస్తరు?"

"కోడలు జేస్తది."

"కోడలికి ఏమొస్తదే?"

"పోనీ జరసేపన్న ఆగుండ్రి. అవ్వ కొంగు ఇడుస్తలేదు."

అప్పుడు మామ అన్నదమ్ములందరికీ వినబడేలా అన్నాడు. "తెలంగాణ కంటె మీ అవ్వ ఎక్కువనా?"

ఆ ప్రశ్నకు ఆ రోజుల్లో ఎవరు మాత్రం ఏం చెబుతారు? అత్తమ్మ మళ్ళీ ఏదో అనబోయింది. మామ వాచీ ఆమె ముఖం ముందుకు తెచ్చి రింగును వెనక్కి తిప్పబోయినట్టు చేశాడు. కదలలేదు. "జూసినవా? గిది ఎనుకకు తిరుగదు" అని నవ్వాడు.

అత్తమ్మ లోపలికి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. తల్లి వేళ్ళు కొంగును బిగించి పట్టుకుని ఉన్నాయి. ఆమె ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది. ముందు చిటికెన వేలు, చివరికి బొటనవేలు. ఒక వేలు విప్పుతుంటే ఇంకోటి మళ్ళీ ముడుచుకునేది. అప్పుడు నేను ముఖం తిప్పుకోలేదు. చూడాలనిపించింది. చూసినదాన్ని మరిచిపోకూడదని కూడా అనిపించింది.

తొర్రూరు దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. ముసలమ్మ పోయింది. మామ వాచీ చూసుకున్నాడు. "ఇప్పుడు ఎనుకకు పోతె టెంటుకాడికి టైముకు పోలేం. రేపు జూద్దం" అన్నాడు. రేపు బంద్. జనగామ చౌరస్తాలో బండ్లను ఆపే గుంపుకు ముందు నిలబడింది ఆయనే. చావు బండ్లను, దవాఖాన బండ్లను వదులుతూనే ఉన్నారు. తన భార్య తల్లి చనిపోయిందని ఒక్క మాట చెబితే ఆ గుంపే దారి ఇచ్చేది. చెప్పలేదు. అత్తమ్మ తల్లి ముఖం చూడకుండానే అక్కడ కట్టె కాలింది. ఇక్కడ ఆమె పదిమందికి వండింది. మరునాడు పేపర్లో మామ ఫోటో వచ్చింది. పిడికిలి బిగించిన చెయ్యి, దానికి వాచీ.

ఏడాది తిరిగిందో లేదో మామ స్నానాల గదిలో పడిపోయాడు. వరంగల్ దవాఖానలో ప్రాణం నిలబెట్టారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. "ఊ", "ఆ" అనే శబ్దాలు మాత్రం మిగిలాయి. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. అది కూడా పోయి ఉంటే ఈ కథ చెప్పే పని ఉండేది కాదు.

పడిపోయిన చేతికి వాచీ అలాగే ఉంచారు. రెండు రోజులకు అది ఆగిపోయింది. మామ చూసి గొడవ చేశాడు. మా ఆయన దాన్ని హనుమకొండలో ఒక వాచీ దుకాణానికి తీసుకుపోయాడు. దుకాణదారు అటూ ఇటూ ఊపాడు. నడిచింది. ఇది కీ ఇచ్చే రకం కాదని, బ్యాటరీదీ కాదని, చెయ్యి కదులుతూ ఉంటేనే నడుస్తుందని చెప్పాడు. మా ఆయన సూటిగా మాట్లాడే మనిషి, అంటే ముందూ వెనకా చూడని మనిషి. మంచం పక్కన నిలబడి, "వాచ్ మంచిగనే ఉంది బాపూ. నీ చెయ్యే కదుల్తలేదట" అన్నాడు. కొద్దికొద్దిగా వస్తుందని డాక్టర్లు చెప్పిన మాట మీద అప్పటిదాకా బతికిన మనిషి, ఆ రోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఎడమ చేతికి పెట్టబోతే ఒప్పుకోలేదు. ఎడమ చేతికి అందరూ పెట్టుకుంటారు కదా. అప్పుడు అత్తమ్మ వచ్చి వాచీ తీసుకుని తన చేతికి పెట్టుకుంది. "ఆగకుంట నేను జూస్త" అంది. మామ "ఆ, ఆ" అన్నాడు. అది వద్దనే మాటే. అత్తమ్మ అర్థం కానట్టు వంటింట్లోకి వెళ్ళింది.

ఆమె చేతికి ఆ వాచీ చక్కగా నడిచింది. ఊడ్చే చెయ్యి, తోమే చెయ్యి, మామను ఇటు నుంచి అటు దొర్లించే చెయ్యి. ఆగడానికి దానికి సందు దొరకలేదు.

ఆ తర్వాత అందరూ కలిసి చేసిన పెద్ద సమ్మె వచ్చింది. మా ఆయన మానుకోటలో సర్కారు గుమాస్తా. ఆఫీసు బంద్, రైళ్ళు బంద్, జీతం బంద్. భూపాలపల్లిలో బొగ్గు పని కూడా ఆగింది. మామ మందులు, ఒళ్ళు పట్టేవాడి ఖర్చు మాత్రం ఆగలేదు. వాచీ అమ్ముదామని మా ఆయన మొదలుపెట్టాడు. పొద్దున లేస్తే అదే మాట. "గోడ గడియారం ఉండనే ఉన్నది గదనే అమ్మా. గిది ఎవరికోసం?"

అదే సమయంలో భూపాలపల్లి భాగస్వామి చూడటానికి వచ్చాడు. అరటిపండ్లు మంచం పక్కన పెట్టాడు. ముందు మామ ముఖం చూడలేదు, కుడి చెయ్యి చూశాడు. అక్కడ లేకపోయేసరికి చుట్టూ వెతికి, అత్తమ్మ చేతి దగ్గర ఆగాడు.

"నేనిచ్చిందేనాయె అక్కా. నాకే ఇయ్యిండ్రి. కొత్తదాని రేటు రాదు గని, మీకు నష్టం జెయ్య."

మంచం మీద మామ కళ్ళు మూసుకున్నాడు. ఇచ్చిన వాడే వచ్చి అడుగుతున్నాడంటే తన పని అయిపోయిందని ఆయనకు అర్థమైంది. నాకు లోపల సంతోషం వేసింది, దాచుకోను.

"ఇప్పుడు గాదు" అంది అత్తమ్మ.

"మరెప్పుడక్కా?"

"చెప్త."

ఊరంతా ఆమెను మెచ్చుకుంది. ఇంట్లో అంత ఇబ్బంది ఉన్నా పెనిమిటి గుర్తు అమ్ముకోలేదని చుట్టాలు కళ్ళు ఒత్తుకున్నారు. మా ఆయన కూడా అదే ప్రేమ అనుకుని, నా చేతి గాజులు కుదువ పెట్టాడు. నేను అత్తమ్మను రోజంతా చూసేదాన్ని కాబట్టి నాకు వేరే సంగతి కనిపించింది. మామకు అన్నం తినిపించే ముందు ఆమె రింగు తిప్పేది. కటకట వినగానే మామ గబగబా నమలడం మొదలుపెట్టేవాడు. టైం అయితే, ముద్ద నోటి దాకా వచ్చినా తిరిగి గిన్నెలో వేసి లేచేది. తిట్టేది కాదు, గొంతు పెంచేది కాదు. మందు మాత్రం ఒక్క పూట తప్పించలేదు. ఆయన బతకాలి, అంతే. ఎందుకో నాకు అప్పుడు తెలియదు.

రాష్ట్రం వచ్చింది. ఎండాకాలం చివరి రోజులు. సాయంత్రం ఐదింటికి చౌరస్తా నుంచి ఊరేగింపు బయలుదేరి మా ఇంటి ముందు నుంచే పోతుందని చెప్పారు. మామ పొద్దున్నుంచీ ఎడమ చెయ్యి తలుపు వైపు చూపిస్తూనే ఉన్నాడు. అత్తమ్మ ఆయనకు గడ్డం గీయించింది. ఖద్దరు చొక్కా ఇస్త్రీ చేయించి తొడిగింది. మెడలో గులాబీ కండువా వేసింది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గడప దాటించి వాకిట్లో ఆపింది. మామ కళ్ళలో నీళ్ళు. మా ఆయన కళ్ళలోనూ నీళ్ళు.

అత్తమ్మ మామ ముందుకు వచ్చి చెయ్యి చాపి, ఆయన చూస్తుండగా రింగు తిప్పింది.

"గంట" అంది.

మామకు అర్థమైంది. నాకూ అర్థమైంది. మా ఆయనకు కాలేదు.

మా ఊళ్ళో ఏ ఊరేగింపు చెప్పిన టైముకు కదిలింది? ముందు వరుసలో నిలబడేవాళ్ళు వచ్చేదాకా డప్పు కొట్టేవాళ్ళు బీడీలు తాగుతూ కూర్చుంటారు. ఆ పద్ధతి ఇక్కడ నాటిన వాళ్ళలో మామ ఒకడు. ఐదు దాటింది. ఐదున్నర దాటింది. మామ ఒకసారి రోడ్డు మలుపు వైపు, ఒకసారి ఆమె చేతి వైపు చూశాడు. ఆ తర్వాత వాచీ వైపే చూస్తూ ఉండిపోయాడు. డప్పులు దూరంగా మొదలయ్యాయి. దగ్గరవుతూ వచ్చాయి. మలుపు దగ్గర చల్లుకుంటున్న గులాబీ రంగు పొడి గుప్పుమని లేచింది. ఇంకా జెండాలు కనిపించలేదు.

అత్తమ్మ వాచీ చూసుకుని కుర్చీని ఇంటివైపు తిప్పింది.

"అమ్మా! వస్తున్నరు గదనే! జర ఆగు!" మా ఆయన అడ్డం వచ్చాడు.

ఆమె చెయ్యి అతని ముఖం ముందు పెట్టి, రింగును వెనక్కి తిప్పబోయినట్టు చేసింది. "గిది ఎనుకకు తిరుగదు బిడ్డా" అంది.

మామ ఎడమ చేత్తో ద్వారబంధం పట్టుకున్నాడు. ఆ ఒక్క చేతిలోనే బలం మిగిలింది కదా, గట్టిగా పట్టుకున్నాడు. "ఆ, ఆ" అంటున్నాడు. మా ఆయన నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను తలుపు రెక్క పూర్తిగా తెరిచి పట్టుకున్నాను.

అత్తమ్మ వంగి ఆ వేళ్ళను విడదీసింది. ముందు చిటికెన వేలు. తొందరేమీ లేదు ఆమెకు. ఒకటి విప్పుతుంటే ఇంకోటి ముడుచుకుంది. దాన్ని మళ్ళీ విప్పింది. చివరికి బొటనవేలు.

నేను తలుపు వేసి గడియ పెట్టాను. ఊరేగింపు మా ఇంటి ముందుకు వచ్చి కాసేపు ఆగింది. ఎవరో మామ పేరు పెట్టి జిందాబాద్ కొట్టారు. లోపల ఆయన ఏడుపు ఆ డప్పుల్లో బయటికి వినిపించి ఉండదు.

డప్పులు దాటిపోయాక అత్తమ్మ వాచీ విప్పి, కొంగుతో తుడిచి, మా ఆయన చేతిలో పెట్టింది.

"రేపు భూపాలపల్లి పోయి గాయనకు ఇచ్చిరా. ఎంతకన్న అమ్ము. నాకు దీంతోని పనైపోయింది."