రెండు మొదటి వైపులు

ఆ రికార్డుల ఫ్యాక్టరీలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. గేటు కాపలాదారు నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ చెవులక్కే. ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఉద్యోగం కుర్చీలో కూర్చుని వినడం. ప్రెస్సులోంచి వేడివేడిగా దిగిన వినైల్ రికార్డు చల్లారాక, సూది కింద పెట్టి, రెండు వైపులా చివరిదాకా విని, బాగుంటే సంతకం పెట్టాలి. బాగాలేకపోతే ప్రెస్సు ఆపించాలి. ఇదీ ఒక పనేనా అని చుట్టాలు మూతి తిప్పేవారు. రోజుకు ఎనిమిది గంటలు ప్రేమ పాటలూ పిల్లల పాటలూ ఉపన్యాసాలూ చెవిన వేసుకుని, ఇంటికి వెళ్లాక మొగుడు చెప్పే ఆఫీసు కబుర్లకు కూడా "ఊఁ" కొట్టడం ఎంత కష్టమో వాళ్లకేం తెలుసు!

ఆ కుర్చీ అంటే ఆవిడకు ప్రాణం. దాని మీద పువ్వుల గలీబు తొడిగిన మెత్త ఒకటి ఉండేది. సాయంత్రం వెళ్లేటప్పుడు ఆ మెత్తను బీరువాలో పెట్టి తాళం వేసి మరీ వెళ్లేది. తన వెనక ఎవరూ అందులో కూర్చోకూడదు. మరీ ముఖ్యంగా తోటికోడలు కూర్చోకూడదు.

మరిది భార్య అదే ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో రికార్డులను అట్ట కవర్లలో పెట్టే పని చేసేది. ఇంట్లో ఇద్దరిదీ ఒకే వంటగది. స్టవ్ మీద కుడి బర్నర్ పెద్దావిడది, ఎడమ బర్నర్ చిన్నావిడది. హద్దు దాటిన గిన్నెకు ఆ పూట మర్యాద దక్కేది కాదు.

కిందటి నెల ఒక పొరపాటు జరిగింది. పిల్లల పాటల రికార్డు ఒకటి తిరిగిన ప్రతిసారీ సన్నగా టిక్కుమంటోందని కొన్నవాళ్లు వెనక్కి పంపారు. సంతకం చెవులక్కది. మేనేజరు మెత్తటి మనిషి. కేకలు వేయలేదు.

"అక్కా, ఒక పూట మీరు వినండి, ఇంకో పూట మీ తోటికోడలు వింటుంది. ఆమె చెవులు కూడా చురుకే."

"ఇప్పటికే వంటగది పంచుకుంటున్నాను సార్. చాలదా? కుర్చీ కూడా పంచాలా?"

"సరే, మీ ఇష్టం. కానీ ఇంకొక్కటి తప్పిపోయిందంటే నా చేతుల్లో ఉండదు. మిమ్మల్ని ప్యాకింగ్‌కి పంపాల్సి వస్తుంది."

ఇంకొకటి తప్పిపోకుండా ఉండదని ఆవిడకు తెలుసు. ఎందుకంటే తన కుడి చెవికి సన్నని చప్పుళ్లు వినపడటం మానేసి ఏడాది అయింది. ఎడమ చెవి కూడా అదే దారిలో ఉంది. ఈ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చి పడింది ఆ డూమ్ మెటల్ రికార్డు. రెండు బృందాలు కలిసి ఒకే రికార్డు చేయించుకుంటున్నాయి, చెరో వైపు. డూమ్ అంటే ఏమిటో ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. టేపులు వచ్చాక తెలిసింది. లోకం మునిగిపోతున్నా తొందర లేనట్టు గిటారు మోగుతుంది, డప్పు దెబ్బ పడుతుంది, ఆ పైన ఒకడు గొంతు చించుకుని ఏడుస్తాడు. మిగతావాళ్లు చెవులు మూసుకున్నారు గాని, చెవులక్క మాత్రం కాళ్లు బారజాపుకుని హాయిగా విన్నది. అందులోని చప్పుళ్లన్నీ బరువైనవి. ఏడాది తర్వాత ఒక సంగీతం ఆవిడకు పూర్తిగా వినపడింది.

ఆ రెండు బృందాలకూ ఒకటే పట్టింపు. రెండో వైపు మాకొద్దంటే మాకొద్దని. చివరికి రెండు లేబుళ్ల మీదా "మొదటి వైపు" అనే అచ్చు వేయించారు. వాళ్ల మాట కాదనడం ఎందుకని, రికార్డు మీద పాటను ఒత్తే అచ్చుపలకలు చేసేవాడు కూడా రెండు పలకల మీదా ఒకే గుర్తు గీసి ఊరుకున్నాడు. పోనీ బృందం పేరు చూసి పోల్చుకుందామంటే ఆ అక్షరాలు బ్రహ్మకు కూడా కూడబలుక్కోవడం కష్టం. ఒకటి ముళ్లకంపలా ఉంది, ఇంకోటి సాలెగూడులా ఉంది.

లేబుల్ అంటే తర్వాత అంటించేది కాదు, ప్రెస్సులో రికార్డుతో పాటే అచ్చయిపోతుంది. ప్రెస్సు మేస్త్రీ తోచిన వైపు తోచిన లేబుల్ పెట్టి నలభై రికార్డులు దించేశాడు. వాటిలో ఒకటి చెవులక్క దగ్గరికి వచ్చింది. విన్నది. లేచి వెళ్లి ఎర్ర బటన్ నొక్కి ప్రెస్సు ఆపేసింది.

"మేస్త్రీ గారూ, లేబుళ్లు తారుమారయ్యాయి."

"అదెలా తెలిసింది అక్కా? రెండూ ఎద్దు రంకెల్లాగే ఉన్నాయి కదా!"

"రంకెల్లో తేడా ఉంది. టేపు డబ్బా మీద ముళ్లకంప గుర్తుతో వచ్చిన రంకె ఇప్పుడు సాలెగూడు కింద ఉంది."

మేస్త్రీ మేనేజరును పిలుచుకొచ్చాడు. మేనేజరు ఆవిడ వంక జాలిగా చూశాడు. ఆ చూపు ఆవిడకు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. ఎందుకైనా మంచిదని ఆయన బృందాలకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ఇద్దరు గాయకులు, వాళ్ల వెంట ఒక డ్రమ్ములాయన దిగారు. ముగ్గురూ నిలువెల్లా నలుపు, నడుము దాకా జుట్టు. చెప్పులు బయట విడిచి, "నమస్తే అండీ" అంటూ గోడవారగా ఒద్దికగా నిలబడ్డారు.

ముళ్లకంప లేబుల్ ఉన్న వైపు సూది పెట్టారు. మూడు నిమిషాలు ఒకే మోత.

"మాదే," అన్నాడు ముళ్లకంప గాయకుడు కళ్లు మూసుకుని.

"అదేంటి, మాది కదా?" అన్నాడు సాలెగూడు గాయకుడు.

"మాది ఇంకా నెమ్మది."

"మీకంటే మేమే నెమ్మది!"

చెవులక్క ఇద్దరినీ ఆగమని, రికార్డు తిప్పి సాలెగూడు వైపు పెట్టింది. "ఇప్పుడు ఏడుపు కాదు నాయనా, ఏడుపుకు ముందు తీసే ఊపిరి వినండి. నా మొగుడు పక్కనే గురక పెడుతుంటే పాతికేళ్లుగా వింటున్నాను. ఒకరి గురక ఇంకొకరి గురకలా ఉండదు."

గుర్రుమంటూ ఒక ఊపిరి వినపడింది. డ్రమ్ములాయన పగలబడి నవ్వాడు. "వీడే! వ్యాన్‌లో వీడి పక్కన ఎవరం పడుకోలేం!" ముళ్లకంప గాయకుడి చెవులు ఎర్రబడ్డాయి. సాలెగూడు లేబుల్ కింద ఉన్నది అతని పాటే.

"చెవులక్కకు తిరుగులేదు!" అన్నాడు మేనేజరు. "ఆ కుర్చీ గురించి ఇక మాటే ఎత్తను అక్కా."

ఆవిడకు ఏనుగెక్కినంత సంబరమైంది. కవర్ల కట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్న తోటికోడలి వంక గర్వంగా చూసింది. తోటికోడలు దగ్గరికి వచ్చి చెవి దగ్గర గుసగుసలాడింది. ఎడమ చెవి దగ్గర. అంటే కుడి చెవి సంగతి ఈమెకు తెలుసన్నమాట.

"అక్కా, ఆ ఊపిరి వెనకాల సన్నగా టిక్కుమంటోంది. పలక మీద గీత పడినట్టుంది. నువ్వే కనిపెట్టినట్టు చెప్పు. నా పేరు ఎత్తకు."

చెవులక్క సూదిని వెనక్కి జరిపి మళ్లీ విన్నది. ఎడమ చెవి ఒగ్గి ఇంకోసారి విన్నది. ఏమీ లేదు. తోటికోడలు మాత్రం టిక్కుటిక్కుకూ కనురెప్ప ఆడిస్తోంది. వంటగదిలో ఎన్నిసార్లు పిలిస్తే తను పలకలేదో, అది పొగరు కాదని ఈమెకు ఎన్నాళ్లుగా తెలుసో అనుకుంటే ఆవిడకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

"సార్," అంది. "ఇందులో టిక్కు ఉంది. నాకు వినపడలేదు. పిల్లల పాటల్లోదీ వినపడలేదు, ఇప్పుడు పెట్టినా వినపడదు. ఇది కనిపెట్టింది మా చెల్లెలు."

తోటికోడలు ఆ ఇంటికి వచ్చిన పదేళ్లలో ఆమెను చెల్లెలు అనడం అదే మొదటిసారి. తోటికోడలు కవర్ల కట్టలో మొహం దాచుకుంది.

పలక విప్పి చూస్తే వెంట్రుకంత గీత ఉంది. కొత్త పలక చేయించి, లేబుళ్లు సరిచేసి, మర్నాడు మొత్తం మళ్లీ దించారు. ఆ రోజు నుంచి పొద్దున బరువు చప్పుళ్లు పెద్దావిడవి, మధ్యాహ్నం సన్న చప్పుళ్లు చిన్నావిడవి. ఎవరిది మొదటి పూట అని మేస్త్రీ ఆట పట్టిస్తే, ఇద్దరిదీ మొదటి పూటే అంది చెవులక్క.

ఆ మొదటి రోజు మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఆవిడ లేచి, అలవాటుగా మెత్తను చంకన పెట్టుకుని బీరువా దాకా వెళ్లింది. తాళం చెవి తీసింది. మళ్లీ వెనక్కి వచ్చి మెత్తను రెండుసార్లు దులిపి, కుర్చీలో పెట్టి, ప్యాకింగ్ వైపు నడిచింది.