మేము ఇచ్చిన స్వాతంత్ర్యం

వెనిగర్‌లో వెల్లుల్లి ఉడుకుతున్న వాసన ఎక్కడ తగిలినా నాకిప్పటికీ తల వంగిపోతుంది.

డెబ్భైల చివర్లో న్యూజెర్సీలో మేం అద్దెకుండే ఇంట్లో, కింది వాటా ఫిలిప్పీన్స్ ఆంటీది. అమ్మా ఆవిడా ఒకే ఆస్పత్రిలో నర్సులు. స్కూలయ్యాక నన్ను ఆంటీ వాళ్ళ నాన్న చూసుకునేవారు. వాళ్ళ భాషలో తాతని లోలో అంటారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. గుమ్మంలో ఆయన చేతిని నా నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకున్నాకే అన్నం పెట్టేవారు.

ఒకరోజు అదేమీ లేకుండా లోపలికి పరిగెత్తాను.

"లోలో! స్పెయిన్ వాళ్ళని తరిమేసి మీకు ఫ్రీడమ్ ఇచ్చింది మేమే, అమెరికా వాళ్ళమేనట! క్లాసులో చెప్పారు."

అప్పటికి మాకింకా గ్రీన్‌కార్డు కూడా రాలేదు. అయినా ఆయన థాంక్స్ చెబుతారని ఎదురుచూస్తూ నిలబడ్డాను.

లోలో వెనిగర్, వెల్లుల్లి వేసిన కూర కలుపుతున్న గరిటె పక్కన పెట్టి, గోడకి వేలాడుతున్న పొడవాటి కొబ్బరికత్తి చూపించారు.

"మా నాన్నది. స్పెయిన్ వాళ్ళు పోయాక, అమెరికన్ తుపాకుల మీదికి దాంతోనే వెళ్ళాడు. కత్తి ఒక్కటే ఇంటికొచ్చింది."

నా వైపు తిరిగి అడిగారు. "మరి మీ తాతకి ఫ్రీడమ్ ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు," అన్నాను పౌరుషంగా. "బ్రిటిష్ వాళ్ళతో కొట్లాడి, జైలుకెళ్ళి తెచ్చుకున్నాడు."

లోలో తలూపారు. ఆ రోజు చెయ్యి చాపకుండానే అన్నం పెట్టారు. నేను కడుపునిండా తిన్నాను.

'ఎవరూ ఇవ్వలేదు' అన్న ఆ జవాబు నా చెవులకే వినపడేసరికి చాలా ఏళ్ళు గడిచాయి. నుదుటికి ఆనించుకుందామంటే అప్పటికి ఆ చెయ్యి లేదు.