గుడ్లు పెట్టే చేపల చోటు చెప్పడానికి: వైశాలి నుంచి వసంత్ కుంజ్ దాకా

మా సింహాచలం మామయ్య అండమాన్‌లో చేపలు పడతాడు. చిన్నప్పుడే శ్రీకాకుళం నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. గ్రూపర్ అనే పెద్ద చేపలు అమావాస్యలకి గుడ్లు పెట్టడానికి గుంపుగా చేరే పగడపు దిబ్బ ఒకటి ఆయనకు తెలుసు. గుడ్లు పెట్టే రోజుల్లో అక్కడ వేట ఆపాలని అర్జీ పెడితే, పోయిన నెల మత్స్యశాఖ వాళ్లు ఢిల్లీ మీటింగ్‌కి పిలిచారు. ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఉండే నేను ఆసుపత్రి డ్యూటీకి సెలవు పెట్టి ఆయన వెంట వెళ్లాను.

ఏడున్నరకి బయలుదేరి షేర్ ఈ-రిక్షాలో వైశాలి మెట్రోకి చేరాం, తలా ఇరవై. రాజీవ్ చౌక్‌లో లైన్ మారి ఛతర్‌పూర్ దాకా గంటంబావు, టికెట్ యాభై పైచిలుకు. సీటు దొరికినా మామయ్య ఒళ్లోంచి సంచి దింపలేదు. అందులో ఆయన చేత్తో గీసిన దిబ్బ పటం ఉంది. ఏసీలోనూ ఆయనకి చెమటలు పడుతున్నాయి.

"ఒంట్లో బాలేదా?" అన్నాను.

"బయ్యమేస్తందమ్మా సుజాతా. మా కుర్రతనంలో ఇంకో దిబ్బ ఉండేది. గుడ్ల మీదున్న సేపల్ని మూడేళ్లు వరసగా పట్టేశాం. నాలుగో ఏడు ఒక్కటీ రాలేదు. మరింక రాలేదు."

"అందుకే కదా ఇప్పుడు చెబుతున్నావు?"

"సెప్తే ముందు కాపలా వస్తాదో, పడవలొస్తాయో!"

ఛతర్‌పూర్ నుంచి వసంత్ కుంజ్‌కి ఆటో నూట యాభై. "సంచిలో బంగారమా అంకుల్ జీ?" అన్నాడు డ్రైవర్ హిందీలో. మామయ్య నవ్వలేదు.

పదకొండింటికి మీటింగ్. ఇరవై మంది దాకా ఉన్నారు. ముందు వరసలో అధికారులు, చేపల మీద పనిచేసే ఒక సైంటిస్టు. వెనక వరసలో చేపల ఎగుమతి వ్యాపారులు ఇద్దరు. తెర మీద మ్యాప్ వేసి, "ఎక్కడో చూపించండి" అంది పెద్ద అధికారిణి. వెనక ఒక ఫోన్ పైకి లేచింది. మామయ్య చూశాడు. లేపిన చెయ్యి దించేశాడు.

"ఇందరి ముందు చూపించను మేడమ్ జీ," అన్నాడు హిందీలో. "మీరూ, ఆ సైంటిస్టు దీదీ రండి. ఫోన్లు ఇక్కడే పెట్టండి."

"అసలు ఉంటేగా చూపించడానికి!" అని వెనక ఎవరో నవ్వారు. మేడమ్ లేచి పక్క గది తలుపు తీసింది.

పావుగంట తర్వాత మామయ్య ఖాళీ సంచితో బయటికొచ్చాడు. "ఇచ్చేశాను. ఇంక నా సేతుల్లో లేదు."

నిషేధానికి సిఫారసు చేస్తామన్నారు. ఉత్తర్వు ఇంకా రాలేదు. మొన్న అమావాస్యకి మామయ్య దిబ్బ దగ్గరికెళితే చేపలొచ్చాయట. దూరంగా రెండు కొత్త పడవలూ కనిపించాయట. అక్కడే కాపలా కూర్చుంటే చోటు తనే చూపించినట్టవుతుంది. అందుకని మైలు దూరం జరిగి, ఏమీ దొరకని చోట గాలం వేసుకుని కూర్చున్నాడు. "ఆళ్లు సీదా నా కాడికే వొచ్చారే," అన్నాడు ఫోన్లో. చోటు అదే అనుకుని మధ్యాహ్నం దాకా ఆయన చుట్టూ తిరిగి, ఉత్త వలలతో వెళ్లిపోయారట.

కాపాడమని అడగడమే ప్రమాదమయ్యే చోట్లు ఉంటాయని నాకు అంతకుముందు తెలియదు. వచ్చే అమావాస్యకీ ఆ పడవలు మోసపోతాయా? ఆ ఆలోచన వస్తే నిద్ర పట్టడం లేదు. మీరూ ఇలాంటి పని మీద ఢిల్లీ వస్తుంటే, గదిలో ఎవరెవరుంటారో ముందే రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చాకే టికెట్ కొనండి.