మా అయ్య కార్తీకం

కోల్‌కతా వాట్‌గంజ్‌లో ఇంటికి తాళం వేసేసరికి పొద్దున్న ఐదున్నర. సంచిలో ఒక చీర, డబ్బాలో పులిహోర, దాని కింద మా అయ్య గాలం తాడు. అరచేతి వెడల్పు చెక్కకి చుట్టిన నైలాన్ తాడు, కొసని సీసం గుండు, రెండు గాలాలు. కర్ర లేదు, చక్రం లేదు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తల చుట్టూ తిప్పి విసరడమే. మా అయ్య అలాగే విసిరేవాడు, నాకూ అలాగే నేర్పాడు.

మా అయ్యది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు ఊరు. కోల్‌కతా వచ్చి కార్పొరేషన్‌లో మురుగు కాలవలు తీసే పనిలో రిటైరయ్యాడు. ఏడాదికొకసారి మాత్రం నన్ను సముద్రం ఒడ్డున ఉన్న బక్‌ఖాలీ తీసుకెళ్ళేవాడు, మాగ చేప కోసం. బెంగాలీవాళ్ళు దాన్ని గుర్జాలి అంటారు. పోయే ముందు ఆసుపత్రి మంచం మీద కూడా అదే మాట. "కార్తీకం ఎల్లిపోయే నాలుగు రోజులూ ఒగ్గీకు, గుంటా. మాగ నీ కాళ్ళకాడికే వస్తాది." ఒగ్గీకు అంటే వదలకు అని, గుంటా అంటే పిల్లా అని. ఆ పిల్లని నేనే, అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు.

ఆయన పోయిన ఏడాది, కార్తీకం ఆఖర్న వెళ్ళాను. ఉత్త చేతులతో వచ్చాను. కిందటేడు మోకాలు పట్టేసి కదల్లేదు. ఈసారి మాగ పడకపోతే తాడు తిరుగుదారిలో నామ్‌ఖానా వంతెన మీంచి ఏట్లోకి వదిలేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. పోయినవాళ్ళ మాట పట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతాం? పైగా మెటియాబ్రుజ్ దర్జీ కార్ఖానాలో కాజాలు కుట్టే నాకు రెండు రోజులు సెలవివ్వాలంటే మాస్టర్ ముఖం మాడ్చుకుంటాడు.

సియాల్దాలో నామ్‌ఖానా లోకల్ ఏడుంపావుకి. టికెట్ చవకే, కానీ వెళ్ళేవాళ్ళు ఓ అరగంట ముందే వెళ్ళి ఎడమవైపు కిటికీ పట్టుకోండి. నా పక్కన ఖాళీ చేపల హండీలతో ఒకావిడ కూర్చుంది. తెల్లవారుజామునే సరుకు అమ్మేసి ఊరికి తిరిగి వెళుతోంది. నా సంచిలోంచి తొంగి చూస్తున్న తాడుని చూసి పకపకా నవ్వింది. "చేపలకి అందరూ కోల్‌కతా వస్తారు దిదీ, నువ్వు చేపల దగ్గరికే పోతున్నావా?" అంది బెంగాలీలో. నవ్వితే నవ్వింది, లక్ష్మీకాంతపూర్‌లో నాకూ ఒక పొట్లం ఝాల్‌ముడీ, అదే కారం మరమరాలు, కొనిచ్చింది. పులిహోర సగం ఆవిడకి పెట్టాను. "పుల్లగా ఉంది," అంటూనే డబ్బా నాకేసింది.

పదింటికి నామ్‌ఖానా. టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి బస్‌స్టాండుకి, అక్కణ్ణుంచి బస్సు. వంతెన మీదకి రాగానే కిందికి చూశాను. ఏరు మట్టి రంగులో నిండుగా ఉంది. రేపు ఇక్కడే, అనుకున్నాను. సంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

పదకొండున్నరకి బక్‌ఖాలీ. సముద్రానికి రెండు సందుల ఇవతల గది తీసుకున్నాను. మంచం కిర్రుమంటుంది గానీ నీళ్ళు వస్తాయి. హోటల్లో అన్నం, పప్పు, చిన్న చేపల పులుసు తిని, మూడింటికల్లా ఎర కోసం రొయ్యలు కొనుక్కుని ఒడ్డుకి చేరాను.

ఈ సముద్రం గురించి మా అయ్య చెప్పినవన్నీ నాకు బట్టీ. ఎండాకాలం దక్షిణపు గాలికి నీళ్ళు బురదబురదగా ఉంటాయి, జెల్లలు తప్ప ఏవీ పడవు. వానల్లో అసలు దిగకూడదు. వానలు పోయి ఉత్తరం గాలి తిరిగితే నీళ్ళు తేటపడతాయి, చిన్న రొయ్యలు ఒడ్డుకి చేరతాయి, వాటి వెనకాల మాగలు. గాలి ఉత్తరం నుంచే వస్తోంది. నీళ్ళూ కాస్త తేటగానే ఉన్నాయి. మరింకేటి?

నీళ్ళు మాత్రం ఎక్కడో ఉన్నాయి. తడి ఇసకలో నడిచి నడిచి చేరేసరికి నాలుగు. విసిరాను. లాగాను. ఎర తిన్నగా తిరిగొచ్చింది. మళ్ళీ విసిరాను. అలలు ఒంట్లో బాగులేనట్టు నీరసంగా వచ్చి పోతున్నాయి. గంటసేపట్లో ఒక్క పీతకి మాత్రం నా మీద జాలి కలిగింది.

పక్కన నీళ్ళ అంచున వల దులుపుకుంటున్న ముసలాయన పేరు నిమాయ్. దాదా అని పిలిచాను. "ఇప్పుడు మొరా కొటాల్ దిదీ," అన్నాడు. అంటే పోటుకి బలం లేని రోజులు, నీళ్ళు ఒడ్డుదాకా ఎక్కవు. "గుర్జాలి వచ్చే నెల, అఘ్రాన్‌లో వస్తుంది. అమావాస్య దగ్గర పడ్డాక."

"మా అయ్య కార్తీకం అన్నాడు."

"మీ అయ్యది కొండ ప్రాంతమా?" అని బోసి నోటితో నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అయ్య సముద్రంలో పుట్టినట్టే పుట్టాడు, కొండేటి నీ తలకాయ! పైకి అనలేదు, పెద్దాయన. తాడు చుట్టడం మొదలెట్టాను. ఒకవేళ అయ్య మందుల మగతలో ఏదో అన్నాడేమో. నేను దాన్ని పట్టుకుని సముద్రం ముందు పిచ్చిదానిలా నిలబడ్డానేమో. ఆ క్షణంలో ఆయన మీద ఎంత బెంగ వచ్చిందంటే, నీళ్ళలోనే నిలబడి ఏడ్చేశాను.

ఐదున్నరకి ఒడ్డుకి వచ్చేసరికి ఒక జంట కనబడింది. అమ్మాయి ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని, అరటి దొప్పలో దీపం వెలిగించడానికి తంటాలు పడుతోంది. అబ్బాయి రెండు చేతులూ గాలికి అడ్డం పెట్టి, "జల్దీ కానియ్ స్వప్నా, అగ్గిపుల్లలు అయిపోతున్నయ్," అంటున్నాడు. తెలుగు! నా చీర కొంగు కూడా అడ్డం పెట్టాను. దీపం వెలిగింది.

సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగాలట, ఊరు కరీంనగర్. "కాళీపూజ అయిపోయింది కదమ్మా, ఇప్పుడు దీపాలేటి?" అన్నాను.

"కార్తీకం గదక్కా. మా అమ్మ నెలంతా పెట్టమన్నది."

"కార్తీకం రేపటితో అయిపోతుంది కదా. మా వీధిలో రేపు కార్తీక్ పూజ. కొత్తగా పెళ్ళయినోళ్ళ గుమ్మంలో కుమారస్వామి బొమ్మ పెట్టి పారిపోతారు."

స్వప్న నవ్వింది. "అది బెంగాలోళ్ళ కార్తీకమక్కా. వాళ్ళకు సూర్యుణ్ణి బట్టి నెల, మనకు చంద్రుణ్ణి బట్టి. ఇయ్యాల సప్తమి, మన కార్తీకం మొదలై వారమే అయింది. మొన్న అధికమాసం వచ్చింది గదా, అన్నీ ఎన్కకు జరిగినయ్." ఫోన్‌లో తెలుగు క్యాలెండర్ తీసి చూపించింది. కార్తీక అమావాస్య దాకా వేలు జరిపింది. అప్పటికి ఇక్కడివాళ్ళకి అఘ్రాన్.

నేను తలెత్తి చూశాను. నెత్తి మీద సగం చందమామ. మా అయ్యతో వచ్చిన ఏ సాయంత్రమూ ఇక్కడ చందమామ లేదు. చీకట్లో లాంతరు నా చేత పట్టించి, చేపలు ఆయన మోసేవాడు. వాట్‌గంజ్‌లో డాబా ఎక్కి ఆకాశంలోకి చూసి, వేళ్ళు లెక్కపెట్టి, "ఎల్లుండి ఎల్దామేటే?" అనేవాడు. వాన వస్తుందేమోనని చూస్తున్నాడనుకునేదాన్ని. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క క్యాలెండర్ కిరాణా కొట్టువాడిచ్చిన బెంగాలీది. మా అయ్య దాన్ని ఎప్పుడూ చూడలేదు. నేను చూశాను. ఓలమ్మా, ఎంత తెలివితక్కువదాన్ని! నిమాయ్ దాదా, మా అయ్యా ఒకటే మాట చెప్పారు. మధ్యలో వినలేనిది నేను.

మర్నాడు ఎనిమిదింటి బస్సెక్కే ముందు నిమాయ్ దాదాకి విషయం చెప్పాను. ఆయన తప్పయిందన్నట్టు చెవులు పట్టుకున్నాడు. "మీ నాన్నకి నా నమస్కారం చెప్పు," అన్నాడు. పోయాడని నేను చెప్పలేదు.

వంతెన వచ్చింది. తాడు నా ఒళ్ళోనే ఉంది. ఏటి మీంచి చల్లటి ఉత్తరపు గాలి కిటికీలోకి కొట్టింది. చెక్క మీద మా అయ్య బొటనవేలు అరగదీసిన గుంట ఉంటుంది, అందులో నా వేలు పెట్టుకుని తాడుని వంతెన దాటించేశాను.

బక్‌ఖాలీ మంచి ఊరే. గది దొరుకుతుంది, అన్నం బాగుంటుంది, జనం ఎక్కువ ఉండరు. మాగ కోసం వెళ్ళేవాళ్ళు గోడ మీది క్యాలెండర్ చూడకండి, డాబా ఎక్కి చూడండి.

లోకల్లో కిటికీ దగ్గర కూర్చుని వేళ్ళు లెక్కపెట్టాను. కార్తీకం ఎల్లిపోయే నాలుగు రోజులకి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. అయ్య పోయి మూడేళ్ళు కావస్తోంది. ఇన్నాళ్ళకి, మళ్ళీ ఆ నీళ్ళలోకి, ఆయన దగ్గరికి వెళ్ళడానికి పంతొమ్మిది రోజులే అనిపించింది.