పట్టుబట్ట కింద బ్యాటరీలు

ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి కింది గదిలో కెమెరాలు అద్దెకిచ్చే రోజులవి. మాదాపూర్‌లో ఎటు చూసినా కొత్త సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. ప్రతివాళ్లకూ తమ కంపెనీ మీద ఓ చిన్న సినిమా తీయించుకోవాలని సరదా. వాళ్ల పుణ్యమా అని మాకు పండగపూట కూడా తీరిక లేకుండా పోయింది.

మా అత్తగారికి మాత్రం దసరా అంటే దసరానే. మామగారు రీలు కెమెరాలు నడిపిన కాలం నుంచీ ఆయుధపూజ ఆవిడ చేతిమీదుగానే జరిగేది. పూజలో పెట్టిన వస్తువును ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. రీలు కెమెరాకి దానితో ఏ ఇబ్బందీ లేదు. లిథియం బ్యాటరీలకు అంత ఓపిక ఎక్కడిది?

ఆ ఏడు పండగనాడు షూటింగ్ నుంచి వచ్చిన బ్యాటరీలను వేడి దిగకముందే మా ఆయన ఛార్జింగ్‌లో పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే ఇంకో కంపెనీకి ఇవ్వాలి మరి. ముందు చల్లారనివ్వాలని తెలియక కాదు, తొందర. తర్వాత అత్తగారు వచ్చారు. ఛార్జర్ల మీద వెలిగే చిన్న లైట్లు చూసి మురిసిపోయారు. అన్నిటినీ దగ్గరగా జరిపి, బంతిపూల దండలు చుట్టి, పైన పట్టుబట్ట కప్పి దండం పెట్టుకున్నారు.

సాయంత్రం మెట్లు దిగుతుంటే గోళ్లరంగు సీసా తెరిచినట్టు వాసన. బ్యాటరీ లోపలి ద్రవం కారితే వచ్చే వాసన అది. మెయిన్ స్విచ్ ఆపేసి, పూజా గీజా చూడకుండా బట్ట లాగిపారేశాను. ఒక బ్యాటరీ ఉబ్బి అతుకు విడిపోయింది. నా కేక విని మా ఆయన, వెనకే అత్తగారు పరుగెత్తుకొచ్చారు. ఆయన దాన్ని ఉత్త చేతులతోనే పట్టుకుని పెరట్లో ఇసుక మీద పడేశాడు.

"గుడ్డతోనన్న పట్టుకోవా ఏంది, చేతులా ఇనుపముక్కలా?" అన్నాను.

ఆయన నా మాట వినిపించుకోలేదు. గదిలోకి వచ్చి, తల్లి వైపు తిరిగి, "అమ్మా, ఇంక నువ్వు ఈ గదిలో అడుగు పెట్టకు" అన్నాడు.

అత్తగారి ముఖం వాడిపోయింది. కుంకుమ భరిణె పట్టుకుని అక్కడే నిలబడిపోయారు.

"గంత వేడి మీద ఛార్జింగ్ పెట్టిందెవరు? అత్తమ్మనా?" అని అడిగేశాను.

"అవి ఊపిరాడక ఉడికిపోతాయని నాకు తెలియదురా," అన్నారు అత్తగారు మెల్లిగా. "మీ నాన్న పోయిన ఏడు ఇంట్లో పండగ లేదు. అయినా కెమెరాకి బొట్టు పెట్టాను. నలుగురూ నవ్వారు. కొండలెక్కుతావు, కరెంటు తీగల మధ్య తిరుగుతావు. నువ్వు క్షేమంగా ఇంటికి రావాలనే కదరా!"

మా ఆయన మిగతా బ్యాటరీలను ఛార్జర్ల నుంచి తీసి, గచ్చు మీద దూరం దూరంగా పెట్టాడు. "చల్లారాక నువ్వే బొట్టు పెట్టమ్మా" అన్నాడు.

ఆవిడ వాటివైపు చూడనేలేదు. కొడుకు చెయ్యి లాక్కుని, కమిలిన వేళ్లను నీళ్లగిన్నెలో ముంచి పట్టుకున్నారు.

"ముందు ఇది చూడనీ" అన్నారు.